స్మృతి టి కణాలు యాభై ఏళ్లు ఎలా నిలుస్తాయి? అవే కణాలా, వాటి వారసులా?

వాకిలి_ముగ్గు (చర్చ ప్రారంభం)

మా అమ్మకు ఇప్పుడు 74 ఏళ్లు. ఆమె ముంజేతి మీద పావలా బిళ్లంత మచ్చలు రెండున్నాయి. అంచులు కాస్త ముడతపడి, నడుమ మాత్రం నున్నగా మెరుస్తుంటాయి. చిన్నప్పుడు వేసిన మశూచి టీకా తాలూకు మచ్చలవి. చిన్న చక్రంలాంటి పనిముట్టును చర్మానికి ఆనించి గిర్రున తిప్పేవారని, టీకాల మనిషి ఊళ్లోకి వస్తున్నాడని తెలిస్తే పిల్లలంతా గడ్డివాముల చాటుకు చేరేవారని ఆమె ఇప్పటికీ చెబుతుంది.

ఈ మధ్య ఆ మచ్చల గురించి మాట వచ్చి కొంత చదివాను. 2003లో అమెరికాలోని ఒరెగాన్ పరిశోధకులు, ఎప్పుడో 25 నుంచి 75 ఏళ్ల కిందట ఈ టీకా వేయించుకున్నవారి రక్తం పరీక్షించి, పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఏదో ఒక రూపంలో రోగనిరోధక స్మృతి మిగిలే ఉందని తేల్చారు. ప్రతిరక్షకాలు దాదాపు తగ్గకుండా ఉన్నాయి. టి కణాలు (వైరస్‌ను ఎదుర్కొనే ఒక రకం తెల్ల రక్తకణాలు) మాత్రం 8 నుంచి 15 ఏళ్లకొకసారి సగమవుతూ వచ్చాయి.

నా సందేహం ఇది. చర్మకణం కొన్ని వారాల్లో రాలిపోతుంది, ఎర్ర రక్తకణం 120 రోజులకే అంతమవుతుంది. అలాంటప్పుడు ఆ రోజు టీకాకు స్పందించిన టి కణమే నేటికీ మా అమ్మ ఒంట్లో తిరుగుతోందా, లేక దాని పిల్లల పిల్లలు తిరుగుతున్నాయా? రెండోదే నిజమైతే, మశూచి వైరస్‌ను కంటితో చూడని ఆ వారసులకు దాని ఆనవాలు ఎలా తెలిసింది?

సూక్ష్మదర్శిని

డిగ్రీ కళాశాలలో ఈ పాఠం ఏటా చెబుతుంటాను కనుక మొదట నేనే ప్రయత్నిస్తాను.

మీ చివరి ప్రశ్నకు జవాబు తేలిక. ప్రతి టి కణం ఉపరితలం మీద ఒక గ్రాహకం ఉంటుంది. థైమస్ గ్రంథిలో ఆ కణం తయారవుతున్నప్పుడే జన్యుముక్కలు కలిసి, ఆ గ్రాహకం ఆకారాన్ని శాశ్వతంగా నిర్ణయించేస్తాయి. కణం రెండుగా చీలినప్పుడు రెండు పిల్లకణాలకూ అదే గ్రాహకం వస్తుంది కాబట్టి, ఆనవాలు వంశపారంపర్యంగా సాగుతుంది. వైరస్‌ను ఎవరూ మళ్లీ పరిచయం చేయనక్కరలేదు.

మొదటి ప్రశ్నకే కొంత వివరణ కావాలి. టీకా వేసిన తొలి రెండు వారాల్లో, సరైన గ్రాహకం ఉన్న కొద్ది కణాలు విపరీతంగా విభజన చెంది లక్షలవుతాయి. వైరస్ తొలగిపోగానే వాటిలో 90 నుంచి 95 శాతం చచ్చిపోతాయి. మిగిలిన పిడికెడే స్మృతి కణాలు. ఎవరు మిగులుతారన్నది పూర్తిగా అదృష్టం కాదు: ఇంటర్‌ల్యూకిన్-7 అనే సంకేతాన్ని అందుకునే గ్రాహకాన్ని వదులుకోని కణాలకే ఎక్కువగా ఆ అవకాశం దక్కుతుందని 2003లో ఎలుకల్లో చూపారు.

ఆ తరువాత వాటి మనుగడ రెండు సంకేతాల మీద నడుస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-7 కణం లోపల బీసీఎల్-2 అనే ప్రొటీన్‌ను నిలిపి ఆత్మహత్యను ఆపుతుంది. ఇంటర్‌ల్యూకిన్-15 అప్పుడప్పుడు ఒక విభజనకు పురిగొల్పుతుంది. ఈ రెండోది గాలిలో వదిలేసిన వాసనలాంటిది కాదు. పక్కనున్న కణం తన ఉపరితలం మీద పట్టుకుని టి కణానికి చేతికి అందించినట్టు అందిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-15 లేని ఎలుకల్లో సీడీ8 తెగ (వైరస్ సోకిన కణాలను చంపే టి కణాలు) స్మృతి కణాలు ఏర్పడతాయి గానీ, నెలలు గడిచేకొద్దీ కరిగిపోతాయి.

నేను తరగతిలో తోడు ఉదాహరణ చెబుతాను. ఈ రోజు గిన్నెలో ఉన్న పెరుగు అమ్మమ్మ తోడు పెట్టిన పెరుగు కాదు, అయినా ఆ ఇంటి పెరుగే.

వడ్లగింజ

సూక్ష్మదర్శిని గారూ, తోడు ఉదాహరణ వినడానికి బాగుంది గానీ ఒకచోట దారి తప్పిస్తుంది. పెరుగు నిలవాలంటే రోజూ కొత్త పాలు పోయాలి. ఆ లెక్కన స్మృతి కణాలు నిలవాలంటే వైరస్ ముక్కలు ఒంట్లో ఎక్కడో దాగి ఉండి, తరచూ ఎదురుపడుతూ ఉండాలి. ఒకప్పుడు చాలామంది అలాగే అనుకున్నారు, 1990లలో ఈ విషయం మీద గట్టి వాదమే నడిచింది.

దాన్ని తేల్చిన ప్రయోగాల వెనుక మనవాడు ఒకరున్నారు. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో డిగ్రీ చదివి, తరువాత అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో టీకా కేంద్రాన్ని నడిపిన రఫీ అహ్మద్ ఆయన. 1994లో ఆయన బృందం స్మృతి సీడీ8 కణాలను తీసి, ఆ వైరస్ ఎన్నడూ సోకని ఎలుకల్లోకి ఎక్కిస్తే అవి చక్కగా నిలిచాయి. 1999లో కాజా మురళీకృష్ణ మొదటి రచయితగా వెలువడిన పత్రం ఇంకో మెట్టు ఎక్కింది. సీడీ8 టి కణానికి ప్రతిజనకాన్ని (అది గుర్తుపట్టే వైరస్ ముక్కను) చూపించే ఎంహెచ్‌సీ ఒకటో తరగతి అణువులే లేని ఎలుకల్లోకి ఆ కణాలను పంపినా, అవి మామూలు వేగంతోనే విభజన చెందుతూ బతికాయి. అంటే పాలు పోయకుండానే పెరుగు నిలిచింది.

ఇది లేకపోతే మీ అమ్మగారి మచ్చకు అర్థమే లేదు. సహజంగా సోకిన చివరి మశూచి కేసు 1977లో సోమాలియాలో నమోదైంది. మన దేశంలో చివరిది 1975 నాటిది. అప్పటి నుంచి ఆమె కణాలకు గుర్తుచేసేవారెవరూ లేరు.

లెక్కల_మాస్టారు

జీవశాస్త్రం నాకు రాదు, రిటైరైన లెక్కల ఉపాధ్యాయుడిని. కానీ ఇక్కడ ఒక అంకె కుదరడం లేదు. పదేళ్లకు సగం అయితే, యాభై ఏళ్లకు ముప్పై రెండో వంతు మిగలాలి. ఒకపక్క కణాలు తమను తాము పునరుద్ధరించుకుంటున్నాయని అంటున్నారు, ఇంకోపక్క సగమవుతున్నాయని అంటున్నారు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

సూక్ష్మదర్శిని

మాస్టారూ, మా విద్యార్థులు ఏటా తడబడేది ఇక్కడే. పదేళ్లకు సగమన్నది కణం ఆయుర్దాయం కాదు, గుంపు పరిమాణం. ఊరి జనాభా పదేళ్లకు సగమైందంటే ఆ ఊళ్లో మనిషి పదేళ్లే బతుకుతాడని కాదు కదా. పుట్టేవారికంటే పోయేవారు కొంచెం ఎక్కువ ఉన్నారని అర్థం. విభజన రేటు, మరణ రేటు దాదాపు సమానంగా ఉండి, మరణం ఒక పిసరు ముందుంటే మీరు చెప్పిన నిదానమైన తరుగుదల కనిపిస్తుంది. గుంపు ఎంతుందో లెక్కపెట్టినంత మాత్రాన లోపల ఎన్ని పుడుతున్నాయో, ఎన్ని పోతున్నాయో తెలియదు. అందుకు వేరే పద్ధతి కావాలి.

పైపెట్_పట్టినచేయి

ఆ పద్ధతి గురించి నేను రాస్తాను. ఎలుకల టి కణాలతో నాలుగేళ్లుగా పని చేస్తున్నాను.

ఎలుకల్లో మేం కణాలకు ఒక మెరిసే రంగు పట్టించి ఎక్కిస్తాం. కణం చీలిన ప్రతిసారీ రంగు పిల్లలకు సగం సగం పంచుకుపోతుంది కనుక కాంతి కూడా సగమవుతుంది. వైరస్‌కు స్పందించిన కణాలను మూడు నాలుగు రోజుల తరువాత ఫ్లో సైటోమీటర్‌లో (ఒక్కో కణం కాంతిని కొలిచే యంత్రంలో) పెడితే, తెరమీద దువ్వెన పళ్లలా వరుసగా శిఖరాలు కనిపిస్తాయి. ఒక్కో పన్ను ఒక్కో తరం. అదే స్మృతి కణాలను ఎక్కించి నెల ఆగి చూస్తే, దువ్వెన ఉండదు. మొదటి శిఖరం పక్కన ఒకటో రెండో పొట్టి శిఖరాలుంటాయి, అంతే. మొదటిసారి చూసినప్పుడు నా ప్రయోగం చెడిందనుకుని ఒక పూటంతా బాధపడ్డాను.

మనుషులకు రంగు పట్టించలేం. బదులుగా భారజలం తాగిస్తారు. అందులోని డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్, ఆ రోజుల్లో కొత్తగా తయారయ్యే డీఎన్ఏలో చేరిపోతుంది. తాగడం ఆపాక, కణం విభజన చెందిన ప్రతిసారీ ఆ గుర్తు పలచబడుతుంది. ఎంత నెమ్మదిగా పలచబడితే కణం అంత నిశ్చలంగా ఉందన్నమాట. ఎమరీలోనే రమా ఆకొండి మొదటి రచయితగా 2017లో వచ్చిన పరిశోధన ఈ పద్ధతితోనే జరిగింది. దానికి ఎల్లో ఫీవర్ టీకాను ఎంచుకున్నారు. అది సజీవ వైరస్ టీకా, ఒక్క మోతాదు చాలు, అమెరికాలో ఆ జబ్బు లేదు కాబట్టి టీకా తరువాత మళ్లీ వైరస్ ఎదురుపడుతుందన్న అనుమానం ఉండదు. (ఆఫ్రికా వెళ్లే మనవాళ్లు పసుపుపచ్చ కార్డు కోసం వేయించుకునేది ఈ టీకానే.)

ఫలితం ఇది. స్మృతి సీడీ8 కణాలు తొలి రెండు వారాల్లో ఉధృతంగా విభజన చెందిన కణాల నుంచే వచ్చాయి. కానీ ఆ తరువాత అవి దాదాపు మౌనం పాటించాయి. రెట్టింపు కావడానికి 450 రోజులకు పైగా పట్టింది, అంటే ఏడాదికి ఒక్క విభజన కూడా లేదు. ఇంకో విశేషం, పైకి చూస్తే ఆ కణాలు ఏ వైరస్‌నూ ఎరగని అమాయక కణాల్లాగే కనిపించాయి. అయితే పోరాటానికి కావలసిన జన్యువుల దగ్గర డీఎన్ఏ చుట్ట విప్పే ఉంది. కత్తి ఒరలోనే ఉంది, ఒర మూత మాత్రం తీసి పెట్టుకున్నాయి.

వడ్లగింజ

ఇదే పద్ధతితో అంతకుముందు కొలిచినవారు స్మృతి కణాలు కొన్ని వారాల్లోనే రెట్టింపవుతాయని తేల్చారు కదా? ఆ రెండింటికీ పొంతన ఎలా?

పైపెట్_పట్టినచేయి

మంచి ప్రశ్న. పాత కొలతల్లో, ఉపరితల గుర్తులను బట్టి స్మృతి కణం అనిపించిన ప్రతిదాన్నీ ఒకే సంచిలో వేసి కొలిచారు. ఆ సంచిలో సైటోమెగాలోవైరస్ వంటి, ఒంట్లోంచి ఎన్నటికీ పోని వైరస్‌లతో నిత్యం తలపడే కణాలూ ఉంటాయి, పేగుల్లోని సూక్ష్మజీవులకు ఉలిక్కిపడేవీ ఉంటాయి. పోలీసు స్టేషన్‌లో డ్యూటీ మీద ఉన్నవారినీ, పింఛను తీసుకుంటున్నవారినీ కలిపి సగటున రోజుకు ఎంత నడుస్తారని అడిగినట్టయింది. 2017 నాటి పరిశోధన ఒకే వైరస్‌కు చెందిన కణాలను వేరుచేసి కొలిచింది కాబట్టి, శత్రువు పోయాక స్మృతి ఎలా ఉంటుందన్న ప్రశ్నకు అదే నమ్మదగిన జవాబని నా అభిప్రాయం.

మొలక_నిపుణుడు

నా వంతుగా ఒక సంగతి చేరుస్తాను. స్మృతి కణాలన్నీ సమానంగా విభజన చెందవు. 1999లో సల్లుస్టో, లాంజావెక్కియా వాటిని రెండు తెగలుగా విడదీశారు. లింఫు గ్రంథుల్లోకి దారి చూపే సీసీఆర్7 ఉన్నవి కేంద్రీయ స్మృతి కణాలు. అది లేక, కణజాలాల్లో గస్తీ తిరిగేవి ప్రభావక స్మృతి కణాలు. 2011లో గట్టినోని బృందం మనుషుల్లో మూడో తెగను గుర్తించింది. రక్తంలోని టి కణాల్లో రెండు మూడు శాతమే ఉండే ఈ తెగకు మూలకణ స్మృతి కణాలని పేరు. అవి తమ ప్రతిరూపాలను తయారు చేసుకోగలవు, అవసరమైతే మిగతా రెండు తెగలనూ పుట్టించగలవు.

పెరుగు తోడు కంటే విత్తనపు వడ్లు సరైన పోలిక అనిపిస్తుంది. పండిన ధాన్యంలో తిండికి పోయేదే ఎక్కువ. కొంచెం మాత్రం వేపాకు కలిపి విడిగా కడతారు, ఎంత కరువొచ్చినా దాని జోలికి పోరు. పోరాడే కణాలు తిండి గింజలు. టీసీఎఫ్-1 అనే ప్రొటీన్‌ను నిలుపుకున్న కణాలు విత్తనాలు. అది తగ్గిన కణం ఆయుధాలు సమకూర్చుకుంటుంది గానీ వంశాన్ని నిలపలేదు.

విత్తనం నిజంగా విత్తనమేనా అని పరీక్షించినవారు కూడా ఉన్నారు. 2014లో జర్మనీ పరిశోధకులు ఒకే ఒక్క కేంద్రీయ స్మృతి కణాన్ని ఎలుకలోకి ఎక్కించి, దాని సంతతి నుంచి మళ్లీ ఒక్క కణాన్నే తీసి ఇంకో ఎలుకలోకి పంపి, ఇలా వరుసగా చేశారు. ప్రతిసారీ ఆ ఒక్క కణమే అన్ని తెగలనూ పుట్టించింది. రక్త మూలకణాలకు పెట్టే పరీక్షే ఇది.

లెక్కల_మాస్టారు

మరి హేఫ్లిక్ హద్దు మాటేమిటి? మామూలు కణాలు ఏ యాభైసార్లో చీలాక ఆగిపోతాయని, క్రోమోజోమ్ చివరలు ప్రతిసారీ అరిగిపోవడమే కారణమని ఎప్పుడో చదివాను. విత్తనమైనా ఎన్ని పంటలకు పనికొస్తుంది?

పైపెట్_పట్టినచేయి

మాస్టారూ, దీనికి జవాబుగా వచ్చిన ప్రయోగాన్ని మా ల్యాబులో ఇప్పటికీ కథలా చెప్పుకుంటాం. అమెరికాలో మినెసోటాలోని మసోపస్ట్ బృందం, ఎలుకల టి కణాలను టీకాతో ఉత్తేజపరచి, రెండు నెలలు విశ్రాంతినిచ్చి, మళ్లీ టీకా ఇస్తూ, ఎలుక ముసలిదవకముందే కణాలను కొత్త ఎలుకలోకి మారుస్తూ, పదేళ్లు కొనసాగించింది. మొత్తం 51 టీకాలు. ఎలుక ఆయుష్షు రెండు మూడేళ్లే కాబట్టి, ఆ కణాలు తాము పుట్టిన జీవి కంటే ఎన్నో రెట్లు ఎక్కువకాలం బతికి, పనిచేస్తూనే ఉన్నాయి. 2023లో ఫలితాలు వచ్చాయి. కణాల సంతతిని అంతటినీ దాచి ఉంటే 10 పక్కన 39 సున్నాలు పెట్టినన్ని రెట్లు పెరిగేవట. టి కణాలు ఉత్తేజితమైనప్పుడు టెలోమెరేజ్ అనే ఎంజైమును తయారు చేసుకుని క్రోమోజోమ్ చివరలను మరమ్మతు చేసుకోగలవు. మీరు చదివిన హద్దు ఫైబ్రోబ్లాస్ట్ కణాలలో (కణజాలానికి అల్లిక నేసే కణాల్లో) చూసినది. అయితే ఎలుకల టెలోమియర్లు, అంటే ఆ క్రోమోజోమ్ చివరలు, మనిషివాటికంటే పొడవైనవి, ఆ తేడాను మరువకూడదు.

లెక్కల_మాస్టారు

10కి 40వ ఘాతమంటే 2కి సుమారు 133వ ఘాతం. అంటే ఒకే వంశంలో 133 తరాలు. నా పాత అంకెను వెనక్కు తీసుకుంటున్నాను.

వార్డు_నంబరు_మూడు

నేను వైద్యుణ్ణి. ఇంతవరకు అందరూ రక్తం గురించే మాట్లాడారు గానీ, ఒంట్లోని లింఫోసైట్లలో రక్తంలో ఉండేవి ఏ క్షణాన చూసినా రెండు శాతమే. మిగతావి లింఫు గ్రంథుల్లో, ప్లీహంలో, పేగుల్లో, చర్మంలో, ఎముక మజ్జలో ఉంటాయి.

మజ్జ విషయంలో ఇంకా తగవుంది. 2005 ప్రాంతంలో ఎలుకల మీద పనిచేసినవారు, సీడీ8 స్మృతి కణాలు విభజన చెందడానికి మజ్జనే ఎక్కువ ఇష్టపడతాయని చూపారు. బెర్లిన్ పరిశోధకులు అందుకు భిన్నంగా, మజ్జలోని స్మృతి కణాలు ఇంటర్‌ల్యూకిన్-7 స్రవించే ఆధార కణాలను ఆనుకుని విశ్రాంతిలోనే ఉంటాయని వాదించారు. 2014లో వారే, వయసు మళ్లినవారి రక్తంలో తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు చెందిన సీడీ4 కణాలు (మిగతా రోగనిరోధక కణాలకు సాయపడే టి కణాలు) అంతగా కనిపించకపోయినా మజ్జలో పుష్కలంగా ఉన్నాయని చూపారు. ఒరెగాన్ అధ్యయనంలో టి కణాలు సగమవుతూ పోవడాన్ని చదివేటప్పుడు, అది రక్తం చెప్పిన లెక్క మాత్రమేనని నేను అందుకే గుర్తుంచుకుంటాను.

ఊపిరితిత్తుల్లో తిష్ఠ వేసే స్మృతి కణాలది వేరే కథ. ఎలుకల్లో కొన్ని నెలల్లోనే తరిగిపోతాయి. చర్మంలోనివి చాలాకాలం ఉంటాయి. అంటే నిలవడమనేది కణం గుణం మాత్రమే కాదు, అది కూర్చున్న చోటి గుణం కూడా.

కొత్త_సభ్యురాలు

పెద్దలందరికీ నమస్కారం. మెట్‌ఫార్మిన్ మాత్ర స్మృతి కణాలను పెంచుతుందని ఒక వీడియోలో చూశాను. మా నాన్నగారు చక్కెర జబ్బుకు అదే వాడుతున్నారు. మోతాదు పెంచితే మేలు జరుగుతుందా?

వార్డు_నంబరు_మూడు

అమ్మా, ఆ పని చేయకండి. ఆ మాటకు మూలం 2009లో ఎలుకల మీద జరిగిన ఒక ప్రయోగం. అందులో మెట్‌ఫార్మిన్ ఇచ్చిన ఎలుకల్లో స్మృతి సీడీ8 కణాలు మెరుగ్గా ఏర్పడ్డాయి. నిశ్చలంగా ఉండే కణాలు చక్కెరకు బదులు కొవ్వును ఇంధనంగా వాడుకుంటాయన్న ఆలోచన అక్కడి నుంచే బలపడింది. ఆ తరువాత 2018లో, కొవ్వును మైటోకాండ్రియాలోకి చేర్చే ప్రధాన ఎంజైము జన్యువును టి కణాల్లో తొలగించి చూస్తే, స్మృతి మామూలుగానే ఏర్పడింది. అంటే సిద్ధాంతమే పునరాలోచనలో ఉంది. మీ నాన్నగారి మాత్ర మోతాదును ఆయన రక్తంలోని చక్కెర, మూత్రపిండాల పనితీరు నిర్ణయించాలి. రోగనిరోధక శక్తి పెంచుతాయని అమ్మే పొడుల సంగతి ఇక్కడ ఎత్తను, ఎత్తితే చర్చ దారి తప్పుతుంది.

స్మృతి తగ్గితే ఏమవుతుందో చూడాలంటే సర్పిని చూడాలి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఆ వైరస్ నరాల ముడుల్లో దాక్కుంటుంది. దాన్ని అక్కడే అణచి ఉంచేది ముఖ్యంగా టి కణాలే. అరవై దాటాక ఆ కణాలు పలచబడితే, పక్కటెముకల వెంట ఒకవైపు మాత్రమే, పట్టీ వేసినట్టు పొక్కులు లేస్తాయి. బట్ట తగిలినా భరించలేని మంట. ఇలాంటివారిలో చాలామందికి ప్రతిరక్షకాలు బాగానే ఉంటాయి, కొరవడేది టి కణాలే. యాభై దాటినవారికి రెండు మోతాదుల్లో వేసే కొత్త సర్పి టీకా చేసేది కొత్త స్మృతిని సృష్టించడం కాదు, ఉన్న విత్తనాన్ని మళ్లీ చల్లడం.

మొలక_నిపుణుడు

డాక్టరు గారి మాటకు ఒక చిన్న జోడింపు. కేన్సరు చికిత్సలో వాడే కార్-టి కణాల (కేన్సరును గుర్తుపట్టేలా జన్యువులు మార్చిన టి కణాల) విషయంలోనూ ఇదే లెక్క. 2010లో చికిత్స పొందిన ఇద్దరు లుకేమియా రోగుల్లో పదేళ్ల తరువాత కూడా ఆ కణాలు నిలిచి ఉన్నాయని 2022లో ప్రకటించారు. మన దేశంలోనూ ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన కార్-టి చికిత్సకు 2023లో అనుమతి వచ్చింది. రోగికి ఎక్కించే కణాల్లో విత్తనాల పాలు ఎంతన్నది ఇప్పుడు ఈ రంగంలో అందరూ పట్టించుకునే విషయం.

వాకిలి_ముగ్గు

అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒక్క ప్రశ్న. మా అమ్మ కణాలు ఈపాటికి ఎన్ని తరాలు దాటి ఉంటాయి?

లెక్కల_మాస్టారు

450 రోజులకు ఒక తరం అనుకుంటే, 65 ఏళ్లలో సుమారు 23,700 రోజులు కనుక, 52 లేదా 53 తరాలు. ఎలుకల కణాలకు నేను లెక్కగట్టిన 133లో సగం కూడా కాదు.

పైపెట్_పట్టినచేయి

లెక్క సరిగానే ఉంది మాస్టారూ, కానీ ఆ 450 అన్నది కనీసపు అంకె. పైగా అది ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న కొద్దిమందిలో, మొదటి ఒకటి రెండేళ్లలో కొలిచినది, మశూచి టీకాకు సంబంధించింది కాదు. అందువల్ల యాభై రెండుకు మించకపోవచ్చని చెప్పుకోవచ్చు గానీ, అంతకంటే కచ్చితంగా చెప్పలేం.

వాకిలి_ముగ్గు

అమ్మకు చదివి వినిపించాను. "యాభై తరాలా! మన వంశంలో నాకు నాలుగో తరం పేరే గుర్తు లేదు" అని, చేతిమీది మచ్చను ఒకసారి తడిమి చూసుకుంది.